రెండు దిమ్మల లెక్కా, ఒక పెరుగు కుండా

ఆ ఆదివారం ఉదయం కాశీవిశ్వనాథం పెట్టుకున్న పని ఒక్కటే. నరసన్నపేటలోని తన ఇంటి నుంచి శ్రీముఖలింగంలో బావమరిది కట్టుకున్న కొత్తింటికి ఒక పెరుగు కుండను పగలకుండా, ఒలకకుండా, గృహప్రవేశం భోజనాల వేళకు చేర్చాలి. వినడానికి ఇంతకన్నా చిన్న పని ఉండదు. కానీ విశ్వనాథానికీ పెరుగుకూ పాత పేచీ ఉంది.

పోయినేడు తోడల్లుడి ఇంట్లో పెళ్ళికి ఇలాగే కుండ తీసుకెళ్తూ, జారిపోకూడదని ఆటోకు తాళ్ళేసి బిగించాడు. ఆయనది బెల్లం హోల్‌సేలు వ్యాపారం. బస్తాలు కట్టి కట్టి అలవాటైన చెయ్యి కాబట్టి కుండను కూడా బస్తాలాగే బిగించాడు. మొదటి స్పీడు బ్రేకరు దగ్గరే కుండ మెడ పుటుక్కుమంది. అంతకు ముందోసారి ఒళ్ళో పెట్టుకుని వెళ్ళాడు. ఆ కథ భార్య పార్వతీదేవి ఇప్పటికీ ఆయన పంచెలు ఉతికినప్పుడల్లా చెబుతుంది.

"ఈసారి మా తమ్ముడి ఇల్లు. తాడు కట్టడానికి లేదు, ఒళ్ళో పెట్టడానికి లేదు. మా పుట్టింటోళ్ళ ముందు నా పరువు ఆ కుండలోనే ఉంది," అని ముందే చెప్పేసింది ఆమె. కుమ్మరికి చెప్పి అడుగు పలకగా ఉండే పెద్ద కుండ కూడా చేయించింది.

ఇక్కడే హైమ మధ్యలోకి వచ్చింది. హైమ వాళ్ళ ఒక్కగానొక్క కూతురు. ఇంటర్ అయింది. విజయనగరంలో హాస్టల్లో ఉండి బీయస్సీ ఫిజిక్స్ చదువుతానంటుంది. పార్వతీదేవేమో ఊళ్ళోనే బీకాం చదివి కొట్టు చూసుకోమంటుంది. పరీక్షలు అయిన నాటి నుంచీ ఇంట్లో ఇదే గొడవ. ఇద్దరి మధ్యా విశ్వనాథం ఎవరి దగ్గరుంటే వాళ్ళ పక్షం.

"ఫిజిక్సో ఫిజిక్సో అని కొట్టుకుంటావు. ఇన్నేళ్ళలో ఆ ఫిజిక్సు మనింట్లో ఒక్కరోజు పనికొచ్చిందా?" అంది పార్వతీదేవి శనివారం సాయంత్రం.

"రేపు పనికొస్తాది," అంది హైమ. "కుండని నేను తెస్తాను. తాడు లేకుండా, ఎవరూ పట్టుకోకుండా. కుండ ఉన్నచోటు నుంచి అంగుళం కదలదు."

పార్వతీదేవి కూతురి వైపు తిరిగింది. "కదలకుండా వచ్చిందా, విజయనగరం వెళ్ళు. కదిలిందా, బీకాం. మరి మాట తప్పకూడదు."

"తప్పను."

విశ్వనాథం ఇదంతా గుమ్మంలో నిలబడి విన్నాడు. పదో తరగతి దాకా చదివిన మనిషి ఆయన. ఫిజిక్సును ఆయన వదల్లేదు, అదే ఆయన్ని వదిలేసింది. కూతురు అలా కాకూడదని ఆయనకు లోలోపల ఉంది. పార్వతీదేవి ముందు ఆ మాట అనేంత ధైర్యం మాత్రం లేదు.

భార్య లోపలికి వెళ్ళాక కూతురి పక్కన చేరాడు. "అది కాదమ్మా, ఆ లెక్కేటో నాకోసారి చెప్పు."

హైమ కాగితం మీద రెండు దిమ్మలు గీసింది. "ఇదిగో నాన్నా, కింద ఒక దిమ్మ, దాని మీద ఇంకో దిమ్మ. కింద దాన్ని లాగితే, పైది కూడా దాంతోపాటే వస్తాది. ఎందుకొస్తాది? రెండిటి మధ్యా ఘర్షణ ఉంది కాబట్టి. కానీ ఘర్షణకి ఒక హద్దు ఉంటాది. కింద దాన్ని మరీ విసురుగా లాగితే ఘర్షణ చాలదు, పైది వెనకే ఉండిపోతాది. ఆ హద్దు ఎంతో కనుక్కోవడమే లెక్క."

"కింద దిమ్మ కొత్త బెల్లమా, పాతదా?"

"బెల్లం కాదు నాన్నా. ఏదో ఒక దిమ్మ."

"ఏదో ఒకటి అంటే ఎలాగమ్మా? పాతదైతే చెమ్మ పట్టి అతుక్కుపోతాది. ఇద్దరు మనుషులు లాగినా పైది ఊడదు. పుస్తకంలో అది రాయలేదా?"

హైమ నవ్వి, తండ్రిని వెంటబెట్టుకుని లేచింది.

పెరట్లో బెల్లం పెట్టె చెక్కమూత మీద చిన్న కుండ పెట్టి, దాన్నిండా ఇసక పోసి, మూతను ఒకవైపు నుంచి మెల్లగా ఎత్తింది. ఒక ఎత్తుకు వచ్చేసరికి కుండ జర్రున జారింది. ఆ ఎత్తును మూత కింద ఉన్న దూరంతో భాగించి, "ఘర్షణ కొలత, మ్యూ, పాయింట్ నాలుగు," అంది. "దాన్ని భూమి ఆకర్షణ పదితో గుణిస్తే నాలుగు. అంటే త్వరణం నాలుగు దాటితే కుండ జారుతాది. నేను రెండుకే ఒప్పుకుంటాను."

"పెద్ద కుండ ఇంతకి పదింతలు బరువు కదా?"

"బరువు లెక్కలో అటూ ఇటూ ఉండి కొట్టుకుపోతాది నాన్నా. దానితో పని లేదు."

జీవితమంతా బరువు చూసి బతికిన వర్తకుడికి ఈ మాట ఎంతమాత్రం మింగుడుపడలేదు.

తెల్లవారింది. పార్వతీదేవి మొదటి బస్సుకు బయలుదేరే వేళకు విశ్వనాథం పొయ్యి మీద మూకుడు పెట్టి బెల్లం పాకం కాస్తున్నాడు. ఏటని అడిగితే దగ్గు అన్నాడు. బెల్లం వర్తకుల ఇంట్లో అన్ని రోగాలకూ అదే మందు కాబట్టి ఆమె ఇంకేమీ అడగలేదు. కుండ మూతికి పసుపు గుడ్డ కట్టి, దిష్టి తగలకుండా చుట్టూ వేపమండలు గుచ్చి, తమ్ముడింటికి వెళ్ళిపోయింది.

కొట్టుకు బస్తాలు తోలే త్రినాథ్ తన ట్రాలీ ఆటో తెచ్చాడు. ముందు పాయసానికి కావాల్సిన బెల్లం పెట్టెను ట్రాలీలో కడ్డీలకు ఆనించి కదలకుండా అమర్చారు. దాని మూతకు కొక్కెం వేసి, ఆ మూత మీద కుండ. హైమ జడ వేసుకోవడానికి లోపలికి వెళ్ళినప్పుడు కుండ ఎక్కించే పని విశ్వనాథమే దగ్గరుండి చూసుకున్నాడు. ఆమె తిరిగొచ్చేసరికి కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు.

హైమ త్వరణం కొలిచే యాప్ తెరిచి ఫోను పట్టుకుని కుండ వెనక కూర్చుంది. విశ్వనాథం డ్రైవరు పక్కన చేరాడు.

"త్రినాథూ, రెండు దాటకూడదు," అన్నాడు గంభీరంగా.

"రెండేటి బాబూ?"

"రెండు మీటర్లు. సెకనుకి."

"అంటే నడిసినట్టేనేటి!"

వెనక నుంచి హైమ అరిచింది. "నాన్నా, అది వేగం కాదు! వేగం ఎంతైనా పరవాలేదు. వేగం ఉన్నట్టుండి మారకూడదు, అంతే!"

"లెక్కతో ఆటలొద్దమ్మా. రెండంటే రెండే. పోనీ త్రినాథూ."

ఆటో కదిలింది. సైకిళ్ళు దాటిపోయాయి. బస్సుల వాళ్ళు హారను కొట్టి కొట్టి తిట్టి వెళ్ళారు. ఒక ముసలి గేదె కాసేపు పక్కనే నడిచి, విసుగొచ్చి ముందుకు వెళ్ళిపోయింది.

సరిగ్గా ఆ రోజే దారిలోని పల్లెలో అమ్మవారి పండగ. గుడి నుంచి అమ్మవారిని నిలిపిన కుండ, ఘటం, ఆటోలో ఎక్కి పల్లెపల్లెకూ ఊరేగుతుంది. ఘటం ఊళ్ళో అడుగుపెట్టగానే ఎదురెళ్ళి పసుపు నీళ్ళు పోయాలి, బియ్యం సమర్పించాలి, డప్పులతో ఊరి పొలిమేర దాటించాలి. అది అక్కడి ఆచారం. ఘటం ఎప్పుడో రావలసింది, ఇంకా రాలేదు. ఆడవాళ్ళు బిందెలతో, డప్పులవాళ్ళు డప్పులతో రోడ్డు పక్కన ఎండలో నిలబడి ఉన్నారు.

అలాంటి సమయంలో పసుపు గుడ్డ కట్టి, వేపమండలు చుట్టిన కుండ ఒకటి, పెట్టె మీద కూర్చుని, మనిషి నడకన, ఆటోలో వచ్చింది.

"వచ్చీసినాది! తల్లి వచ్చీసినాది!" అని కేకేసింది జగ్గమ్మ. ఆ ఊళ్ళో పండగలకు పెద్ద ఆమే. "ఎంత నెమ్మదిగా, ఎంత నిదానంగా వస్తన్నాదో సూడండే! నీళ్ళు తెండే!"

డప్పులు మోగాయి. బిందెడు పసుపు నీళ్ళు ముందు చక్రం మీద, ఇంకో బిందె విశ్వనాథం ఇస్త్రీ చొక్కా మీద పడ్డాయి. ఆయన కంగారుగా దిగాడు.

"అమ్మా, ఆగండమ్మా! ఇది ఘటం కాదు. పెరుగు!"

"తెలుసు బాబూ. ఈ ఎండల్లో తల్లికి సల్లగా పెరుగే పెట్టాల. ఎవులు సెప్పినారో గాని మంచి పని సేసినారు."

"అది కాదమ్మా! ఇది మా బావమరిది గృహప్రవేశానికి..."

"అదురుష్టవంతుడు! ఎవులింటికి తల్లి ఇలాగ బండెక్కి ఎల్తాది బాబూ?"

ఇంకేం చెప్పినా అది కూడా భక్తిలోనే కలిసిపోతుందని విశ్వనాథానికి అర్థమైంది. పైగా పక్కన నిలబడ్డ ముసలామె ఏడుస్తూ దణ్ణం పెడుతోంది. అలాంటామెతో "పక్కకి తప్పుకో" అనడానికి ఆయనకు నోరు రాలేదు. తడిసిన చొక్కాతో మళ్ళీ ఆటో ఎక్కాడు.

ట్రాలీలో హైమ పరిస్థితి ఇంకోలా ఉంది. ఆడవాళ్ళు కుండ చుట్టూ బియ్యం, కొబ్బరికాయలు, అరటిపళ్ళు పోగేస్తున్నారు. బిందెలు పైకి లేస్తున్నాయి.

"కుండ కిందకి నీళ్ళు పోనీకండి! తడిస్తే మ్యూ తగ్గిపోతాది! మ్యూ ఎన్, మ్యూ ఎమ్ జీ..." అని ఆమె గుక్క తిప్పుకోకుండా లెక్క మళ్ళీ కట్టుకుంటోంది.

జగ్గమ్మ చేతులు జోడించింది. "పిల్లకి పూనకం వచ్చీసినాది. మంత్రాలు సదువుతన్నాది, ఇనండి!"

ఒకామె ముందుకు తోసుకొచ్చింది. ఆమె పేరు కుమారి. "తల్లీ, మావోడు మూడేళ్ళ నుంచి ఉద్యోగానికి రాస్తన్నాడు. ఎప్పటికొస్తాది?"

"నేను అమ్మవారిని కాదండీ, నేను లెక్క..."

"ఒక్క మాట సెప్పు తల్లీ!"

హైమ కళ్ళు ఫోను మీదే ఉన్నాయి. విసుగ్గా, "కదలడం లేదంటే పెట్టిన బలం చాలలేదని అర్థం. హద్దు దాటేదాకా తోస్తేనే కదుల్తాది," అంది కుండ గురించి.

కుమారి వెనక్కి తిరిగింది. "ఇన్నారా? నాను రోజూ అదే మొత్తుకుంటన్నాను. ఆడు అసలు పుస్తకమే ముట్టడు!"

ఆ తర్వాత హైమ నోరు విప్పలేదు. దాన్ని కూడా మౌనవ్రతం అనుకున్నారు.

పొలిమేర దాకా సాగనంపి వెనక్కి వెళ్ళిపోతారని విశ్వనాథం ఆశపడ్డాడు. పొలిమేరలో పక్క ఊరివాళ్ళు డప్పుల చప్పుడు విని అప్పటికే బిందెలతో కాచుకుని ఉన్నారు. ఈ ఊరివాళ్ళు ఆగలేదు, ఆ ఊరివాళ్ళు కలిశారు. బియ్యం కుండ మెడదాకా వచ్చింది. త్రినాథ్ కూడా ఎప్పుడో నుదుట బొట్టు పెట్టించేసుకున్నాడు.

జేబులో ఫోను మోగింది. పార్వతీదేవి.

"ఎంతదాకా వచ్చారండీ?"

"వచ్చేస్తన్నాం."

"ఆ డప్పులేటి?"

"ఎవరిదో పండగ. దారిలో."

"కుండ ఎలాగుంది?"

విశ్వనాథం వెనక్కి చూశాడు. కుండ మెడలో ఎవరో గాజుల దండ వేశారు. "కుండకేటి, మనకన్నా బాగుంది," అన్నాడు.

ఫోను పెట్టేశాడో లేదో, డప్పుల మోతకు బెదిరిన మేక ఒకటి రోడ్డుకు అడ్డంగా దూకింది. త్రినాథ్ బ్రేకు మీద నిలబడ్డాడు. కొబ్బరికాయలు ముందుకు దొర్లాయి. బియ్యం అలలాగ ఎగసి త్రినాథ్ మెడ మీద పడింది. విశ్వనాథం ముందు అద్దానికి అతుక్కున్నాడు. ట్రాలీలో ఉన్నవన్నీ కదిలాయి.

కుండ కదల్లేదు.

"తల్లీ!" అని జనం ఒక్కసారిగా నేలకు వంగారు. విశ్వనాథం నుదుటి మీద బొప్పి తడుముకుంటూ ఆనందంతో వెనక్కి తిరిగాడు. "చూసావా అమ్మా! నీ లెక్క!"

హైమ మొహంలో మాత్రం ఆనందం లేదు. ఫోను తెర వైపు చూస్తోంది. "ఆరు దాటింది నాన్నా."

"అయితే ఏటి?"

"నాలుక్కే జారాలి. ఆరుకి కూడా జారలేదంటే నా లెక్క తప్పు. ఎక్కడో తప్పు కట్టాను."

"తప్పేటి? కుండ నిలబడింది కదా!"

"లెక్క తప్పయి కుండ నిలబడితే నేను గెలిచినట్టు ఎలా అవుతాది నాన్నా?"

విశ్వనాథం ఏదో అనబోయి దగ్గాడు. పొద్దున లేని దగ్గు అప్పుడు నిజంగానే వచ్చింది.

శ్రీముఖలింగంలో భోజనాలకు ఆకులు వేసే వేళకు ఆటో కొత్తింటి వీధిలోకి తిరిగింది. వెనక రెండు ఊళ్ళ జనం, డప్పులు. బావమరిది జగన్నాధం, అతని భార్య అనూరాధ, చుట్టాలందరూ గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చారు. పార్వతీదేవి చేతిలో గరిటెతోనే వచ్చింది. మొగుడి బొప్పీ, పచ్చటి చొక్కా ఆమె కంటికి ఆనలేదు. తిన్నగా కుండ వైపు చూసింది.

"కదిలిందా?"

"అంగుళం కూడా కదల్లేదు!" అన్నాడు విశ్వనాథం. హైమ ట్రాలీ దిగింది.

"సరే, దింపండి."

నలుగురు మగవాళ్ళు పట్టి ఎత్తారు. కుండతోపాటు మూత లేచింది. మూతతోపాటు బెల్లం పెట్టె లేచింది. మూడూ కలిసి ఒక్క దిమ్మలాగ గాల్లో నిలబడ్డాయి. కింద పెట్టి మళ్ళీ లాగారు. మళ్ళీ మూడూ లేచాయి. అప్పుడు హైమ చూసింది. కుండ అడుగు చుట్టూ చీమలు బారు తీరి ఉన్నాయి.

పార్వతీదేవి అక్కడ వేలు పెట్టి, నాలుక్కి రాసుకుంది.

"పాకం," అంది. "ముదురు పాకం. ఇదేనా పొద్దుటి దగ్గు?"

హైమ తండ్రి వైపు తిరిగింది. "నాన్నా! నువ్వు నా లెక్క నమ్మలేదా?"

"నమ్మానమ్మా! నమ్మకం నమ్మకమే. ఏదో, జాగ్రత్తకి..." విశ్వనాథం మాట నీరుగారిపోయింది. "నువ్వు విజయనగరం వెళ్ళాలని నాకు నీకన్నా ఎక్కువ ఉందే. కుండ జారితే నీ చదువు జారిపోద్దని భయం వేసింది."

హైమ కళ్ళు తుడుచుకుని తల్లి ముందుకు వెళ్ళింది. "అమ్మా, ఇది చెల్లదు. కుండ ఘర్షణ వల్ల ఆగలేదు, బెల్లం వల్ల ఆగింది. నేను గెలవలేదు."

డప్పులు ఆగిపోయాయి. ఏం జరుగుతోందో తెలియక జగ్గమ్మ అందరి మొహాలూ చూస్తోంది. అనూరాధ మెల్లగా నోరు విప్పింది.

"ఏటి వదినా, పిల్ల ఏడుస్తన్నాది, చెప్పవేటి? నిన్న రాత్రి ఫోన్లో నేను డెయిరీ పెరుగు కూడా చెప్పి ఉంచుతానంటే ఏటన్నావు? 'ఒక్క పేకట్టు కూడా వద్దు, నా కూతురు లెక్క కట్టింది, కుండ వచ్చి తీరతాది' అన్నావు కదా!"

ఇంట్లో ఆ కుండలో ఉన్నది తప్ప చుక్క పెరుగు లేదు. ఇంతమంది చుట్టాల ముందు తన పరువంతా పార్వతీదేవి ఆ రెండు దిమ్మల లెక్క మీద పెట్టేసింది. కూతురి పక్షాన ఉన్నాననుకున్న మనిషి బెల్లం రాశాడు. ఆ చదువు వద్దన్న మనిషి, లెక్కను నమ్మి ఇంకో పెరుగు వద్దంది. ఆ సంగతి హైమకు అర్థమయ్యేసరికి తల్లి అప్పటికే మొహం అటు తిప్పేసుకుంది.

"కబుర్లు చాలు. పెరుగు పులిసిపోతాది. కుండ దిగకపోతే ఆకులే కుండ దగ్గరకి తెండి," అంది. ఆ తర్వాత కూతురి వైపు చూడకుండానే, "కదలకూడదన్నాను, కదల్లేదు. ఎలాగ అన్నది నేను అడగలేదు. పోయి బట్టలు సర్దుకో," అంది.

ఆటో దగ్గరే పెరుగు వడ్డన జరిగింది. వచ్చిన జనానికి అన్నం చాలకపోతే, వాళ్ళు సమర్పించిన బియ్యమే కడిగి వండారు. విశ్వనాథం ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి ఇది ఘటం కాదని చెబుతూ చేతులు పట్టుకున్నాడు. జగ్గమ్మ పెరుగన్నం ముద్ద నోట్లో పెట్టుకుని అంతా సావకాశంగా వింది. "అయితే అసలు ఘటం ఇంకా రావాలన్నమాట. ఈ ఏడు తల్లి రెండుమార్లు వస్తాది, మా ఊరికి మంచిదే కదా బాబూ," అంది.

సాయంత్రం హైమ ఒక పట్టు పట్టింది. వేడినీళ్ళతో పాకం ఊడదీసి, కుండ అడుగు తోమి, ఆరబెట్టి, నిండా నీళ్ళు పోసి, మళ్ళీ పెట్టె మీద పెట్టించింది. వీధి పొడుగునా త్రినాథ్ చేత ఆటో నడిపించి, గట్టిగా బ్రేకు వేయమంది. కుండ జర్రున జారి ముందు కడ్డీలకు కొట్టుకుని ముక్కలైపోయింది. హైమ ఫోను చూసి గెంతులు వేసింది.

"నాలుగు దాటగానే జారింది! అమ్మా, నా లెక్క తప్పలేదు!"

"గెలిస్తే కుండ పగులుతాది, ఓడితే మిగులుతాది. ఏం చదువో ఏటో," అంది పార్వతీదేవి పెంకులు ఏరుతూ. కానీ నవ్వు దాచుకోలేకపోయింది.

హైమను హాస్టల్లో దింపడానికి బయలుదేరిన రోజున త్రినాథ్ ఆటోలో పెట్టెలన్నీ పార్వతీదేవే ఒకదాని మీద ఒకటి సర్దింది, ముందుగా బెల్లం గదికి తాళం వేసి తాళంచెవి తన కొంగున ముడేసుకుని మరీ.